పట్టీ వెడల్పు గాయం

ఏప్రిల్ 6

ఫుట్‌పాత్ మీది నిరసన శిబిరం నుంచి వచ్చి అద్దం ముందు జాకెట్టు చేతులు పైకి లాగి చూశాను. మోచేతికి పైన స్కేలు పెట్టి కొట్టినట్టు గీత. గీతకి పైన ఒక మనిషి, కింద ఇంకో మనిషి. ఇది పరిశీలన. బాధ కాదు.

షబానా అన్నం పెడుతూ, ఆపా, చేతులు బొగ్గులైపోయాయి, ఫుల్ హ్యాండ్స్ వేసుకోకూడదా అంది. చెల్లెలు కాబట్టి తేలిగ్గా వదిలేశాను. తేలిగ్గా అంటే పప్పు చల్లారేదాకా మాట్లాడాను. ఎండకి నల్లబడటం సిగ్గని నేర్పింది ఎవరు? నీడలో కూర్చునేవాళ్లు. నీడ ఎవరిది? ఆస్తి ఉన్నవాడిది. ఈ దేశంలో రంగు గురించి ఎవరు ఏం మాట్లాడినా చివరికి ఆస్తి గురించే మాట్లాడుతున్నట్టు. షబానా అంతా విని, పెరుగు వేసుకో అంది.

పేపర్లో నా కాలమ్‌కి మొదటి వాక్యం, ఇక్కడా ఉండనీ: "హార్బరు వెనక అసిరమ్మ వాళ్లు తాతల నాటి నుంచి చేపలు ఎండబెట్టుకుంటున్న జాగాకి ఒక సుందరీకరణ కంపెనీ కంచె వేయబోతోంది, అక్కడ వాకింగ్ ట్రాక్, సెల్ఫీ పాయింట్ వస్తాయట, అంటే ఇకమీదట అక్కడ చేపలు ఎండకూడదు, మనుషులు ఎండొచ్చు." చివరి ముక్క బాగుంది.

ఏప్రిల్ 7

ఎండ దద్దుర్లకి మందు రాసుకున్నాను. ముఖానికి వాడేదే. చేతులకీ పనిచేస్తుందని మెడికల్ షాపతను చెప్పాడు. ట్యూబు మీద నవ్వుతున్న తెల్లమ్మాయి బొమ్మ కంపెనీ వేసుకున్నది. దానితో నాకు సంబంధం లేదు.

ఏప్రిల్ 8

మందు రాసుకున్నాను. దద్దుర్లు లేవు. రాకుండా.

ఏప్రిల్ 9

మందు.

ఏప్రిల్ 11

ఈరోజు జరిగింది వివరంగా రాయాలి. లేకపోతే రేపు నాకే వేరేగా గుర్తుంటుంది.

మా ఇంటి కింది వాటా ముందు గది ఒకప్పుడు షబానా భర్త నజీర్ అహ్మద్ తాళ్లు, టార్పాలిన్లు పెట్టుకునే గోడౌన్. ఇప్పుడు అది వాళ్ల కూతురు ఫర్హా బ్యూటీ పార్లర్. అది మొదలుపెట్టినప్పుడు నా పుస్తకం "చర్మం అమ్మబడును" ఒక కాపీ సంతకం చేసి దానికి ఇచ్చాను. వాక్స్ హీటర్ కింద పెట్టుకుంది, ఎత్తు సరిపోయిందని చెప్పింది. పోట్లాడలేదు. పుస్తకం ఏదో ఒక విధంగా జనానికి ఉపయోగపడాలి.

శిబిరం నుంచి వస్తుంటే పార్లర్ అద్దానికి కొత్త కాయితం అతికించి ఉంది. "టాన్ రిమూవల్ వాక్స్. మొదటిసారికే తేడా." ఖండించడానికి లోపలికి వెళ్లాను. ఖండించడానికే.

టాన్ అనే మాటకి తెలుగు ఏదీ అని అడిగాను. మనకి కమిలిపోవడం ఉంది, నల్లబడటం ఉంది. అవి ఎండలో పని చేసినవాళ్లకి జరిగేవి. టాన్ అనేది జబ్బులాగా వినిపించాలని తెచ్చిన మాట. జబ్బు పేరు పెట్టాక మందు అమ్మడం సులువు. పైగా వాక్స్ పీకేది వెంట్రుకని. రంగు వెంట్రుకలో ఉండదు, చర్మం లోపల ఉంటుంది. కాబట్టి నీ కాయితం అబద్ధం అన్నాను.

ఫర్హా దువ్వెనలు కడుగుతోంది. వాక్స్‌తోపాటు పైన చచ్చిపోయిన పొర లేచొస్తుంది ఖాలా, అది పోతే ఒక షేడ్ తేట పడుతుంది, కొన్నాళ్లే, లోపలి రంగు అలాగే ఉంటుంది అంది. అయితే కాయితం మీద కొన్నాళ్లే అని రాయి అన్నాను. రాస్తే ఎవరొస్తారు అంది. పెట్టుబడిదారీ విధానం ఇంత చిన్న గదిలో ఇంత స్పష్టంగా మాట్లాడటం నేను ఇంతవరకూ వినలేదు.

నిరూపించు అని ఎడమ చెయ్యి చాపాను.

ఇవాళ వద్దంది. ఎండలోంచి వచ్చావు, చర్మం వేడిగా ఉంది, ఓ వారం ఆగమంది. భయమా అన్నాను. అప్పుడు అది చెయ్యి పట్టుకుని వేలితో నొక్కి చూసి, క్రీములేమైనా వాడుతున్నావా అని అడిగింది. నేను క్రీముల మీద పుస్తకమే వేశాను, నువ్వు చదవలేదు అన్నాను. ఆ ప్రశ్నకి అది జవాబు కాదు. కానీ ఫర్హా చదవలేదన్నది వాస్తవం.

వాక్స్ రాసి, పైన గుడ్డ పట్టీ అద్ది, ఒక్క గుంజు గుంజింది. మొదటి పట్టీకి కళ్ల నీళ్లొచ్చాయి. ఫర్హా పట్టీ తిప్పి చూపించింది. వెంట్రుకల మధ్య బూడిదరంగు పొర. ఆ చోట చెయ్యి నిజంగానే తేటగా ఉంది. నా వాదన ప్రకారం తేడా ఉండకూడదు. ఉంది. రెండో పట్టీకి ఇంకా ఉంది. ఆ రెండింటినీ కాసేపు దీపం వైపు తిప్పి చూశాను. శాస్త్రీయంగా.

మూడో పట్టీకి ఫర్హా ముఖం మారింది. పొర కాదు, చర్మమే వచ్చింది. చూస్తుండగా మొదటి రెండు చోట్లా కూడా ఎర్రబడి నీరు ఊరింది. మణికట్టు నుంచి మోచేతిదాకా ఫుట్‌పాత్ టైల్స్ పరిచినట్టు మూడు దీర్ఘచతురస్రాలు, అంచులు తిన్నగా. ఐస్ పెడుతూ, ఏం రాస్తున్నావో నిజం చెప్పు ఖాలా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఏం లేదన్నాను.

కుడి చేతి జోలికి వెళ్లలేదు.

ఏప్రిల్ 12

పొద్దున: మంట. పైట చేతికి చుట్టుకుని వెళ్తాను.

సాయంత్రం: కంచె స్తంభాలు లారీలో వచ్చాయి. మేం అడ్డంగా కూర్చున్నాం. పోలీసులు వచ్చి ఆడవాళ్లని ఒక్కొక్కరినే లేపి వ్యాన్ ఎక్కించారు. నన్ను లేపింది ఒక చిన్న వయసు కానిస్టేబుల్. నేమ్ ప్లేటు మీద దేవిశ్రీ అని ఉంది. లేవండి మేడమ్ అని ఎడమ చెయ్యి పట్టుకుంది. ఎవరినైనా అలాగే పట్టుకుంటారు. కానీ పైట అప్పటికే తడి ఆరి చర్మానికి అంటుకుపోయి ఉంది. అది జారినప్పుడు దానితోపాటు చర్మం లేచింది. అరిచాను. నేను ఉద్యమంలో ఇంతవరకూ అలా అరవలేదు. ఆ పిల్ల చెయ్యి వదిలేసి చూసింది, ముందు చేతిని, తర్వాత నా ముఖాన్ని.

అప్పటికి మా కమిటీ కన్వీనర్ శ్రీరామ్మూర్తి ఫోన్ తీశాడు. పోర్టు యూనియన్‌లో తలపండినవాడు, గొంతు పెద్దది. చూడండి, ఒక రచయిత్రి చేతిని ఎలా చీల్చేశారో చూడండి అన్నాడు. అందరూ పోలీస్ దౌర్జన్యం నశించాలి అన్నారు. నేను చెప్పబోయాను. కానీ నినాదం మధ్యలో సవరణ ప్రతిపాదించడం పద్ధతి కాదు.

వ్యాన్‌లో అసిరమ్మ పక్కన కూర్చుంది. చేతిని చూసి, "సల్లటి నీల్లు పొయ్యమ్మా" అంది. అంతే.

ఏప్రిల్ 13

ఫ్లెక్సీ వేశారు.

నా ఎడమ చెయ్యి, నిలువెత్తుకన్నా ఎక్కువ. కింద "ఈ గాయానికి జవాబేది?" ఆ సైజులో ప్రతి రోమకూపం కనిపిస్తోంది. మూడు దీర్ఘచతురస్రాల మధ్య పట్టీ తగలని చోట వెంట్రుకలు వరసగా నిలబడి ఉన్నాయి. దారిన పోయే మగవాళ్లు ఆగి చూసి, అయ్యో అని పోతున్నారు. ఆడవాళ్లు ఆగి, దగ్గరికొచ్చి, తల కొంచెం పక్కకి వంచి చూసి, ఏమీ అనకుండా పోతున్నారు. ఒక కాలేజీ పిల్ల నా చేతి కట్టు వైపు, ఫ్లెక్సీ వైపు చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

కంచె పని ఆపేశారు. పైనుంచి ఫోన్ వచ్చిందట. ఇన్నాళ్లు మెమొరాండాలు ఇస్తే రాని ఫోన్. ఇది ముఖ్యం. ఇది మర్చిపోకూడదు.

ఏప్రిల్ 14

గోళ్లతో గీరిందని కమిటీ ఇచ్చిన ఫిర్యాదు మీద దేవిశ్రీని సస్పెండ్ చేశారు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉందట. ఎంక్వైరీలో తప్పు తేలితే తీసేస్తారు. శ్రీరామ్మూర్తి మిఠాయి తెచ్చాడు. నేను స్వీట్లు మానేశానన్నాను.

ఏప్రిల్ 15

ఫర్హా పైకి వచ్చింది. చేతి కట్టు విప్పి, చూసి, మళ్లీ కట్టింది. కడుతూ మాట్లాడింది.

"నా పని పోలీసామె మీదికి తోసేశావా ఖాలా."

నీ పార్లర్ గురించే ఆలోచిస్తున్నాను అన్నాను. ఈ సంగతి బయటపడితే నీ దగ్గరికి ఎవరొస్తారు, అప్పు చేసి పెట్టుకున్న దుకాణం అన్నాను. ఇది నిజం. ఈ నిజం నేను చెప్పేదాకా నాకూ తట్టలేదు, చెప్పాక చాలా బలంగా అనిపించింది.

ఫర్హా కట్టు ముడి గట్టిగా బిగించింది. "నా దుకాణం నాకొదిలెయ్. చేతులకి ఏం రాశావో అది చెప్పు."

దద్దుర్ల మందు అన్నాను. ట్యూబు చూపించమంది. అయిపోయింది, పారేశాను అన్నాను. ట్యూబు ఫర్హా వెనక అల్మరాలోనే ఉంది.

ఏప్రిల్ 16

నిజం చెప్పకపోవడానికి కారణాలు. ఒకటి, జాగా. పని ఆగింది ఆ ఫొటో వల్ల. రెండు, ఫర్హా. మూడు, పోలీసు వ్యవస్థ ఈ ఒక్కసారి చేయకపోయినా ఎన్నిసార్లు చేయలేదు? చరిత్ర మొత్తాన్ని తీసుకుంటే ఆ ఫ్లెక్సీ నిజమే. నాలుగోది ఉందా అని చూశాను. లేదు.

ఏప్రిల్ 17

చరిత్ర మొత్తాన్ని తీసుకుంటే అన్న వాక్యం కాలమ్‌లో ఎవరైనా రాసి ఉంటే వాడిని చీల్చి చెండాడేదాన్ని.

ఏప్రిల్ 18

శిబిరంలో మధ్యాహ్నం మగవాళ్లు టీకి వెళ్లాక అసిరమ్మ పక్కన కూర్చున్నాను. ఎండుచేపల వాసన. ఆ వాసనకి అలవాటు పడ్డానని వ్యాసంలో రాశాను. పడలేదు.

చేతి వంక చూస్తూ నాకు తెలుసమ్మా అంది. మా కోడలు పెళ్లికి ముందు రోజు చేయించుకుంటే ఇలాగే పట్టీ పట్టీగా పొక్కిపోయింది, పెళ్లంతా కొంగులో చెయ్యి దాచుకుంది అని నవ్వింది. ఇక్కడున్న ఆడాళ్లందరికీ తెలుసా అని అడిగాను. కళ్లున్నోళ్లకి తెలుస్తాది అంది. మరి ఒక్కరూ అనలేదేం అన్నాను. నువ్వు అనలేదు కదా, నీ చెయ్యి నీది, మధ్యన మేం అనడమేటి అంది.

చెప్పేయమంటావా అని అడిగాను. ఆమె చెబుతుందనుకున్నాను. కష్టజీవి నోటి నుంచి ఒక మాట వస్తే దాన్ని పట్టుకుని నడిచేద్దామనుకున్నాను.

"సెప్తే మల్లీ కంచె వత్తాది. సెప్పకపోతే ఆ పిల్ల ఉజ్జోగం పోతాది. పుస్తకాలు రాసేదానివి, నన్నడుగుతావేటి?"

అని ఆకు వక్క నోట్లో వేసుకుంది.

ఏప్రిల్ 19

దేవిశ్రీ వచ్చింది. మా ఇంటికి. చుడీదార్‌లో ఉంటే పోల్చుకోలేదు. కింద ఫర్హా దగ్గర కనుబొమలు చేయించుకుంటానని వచ్చి, పైకి ఎక్కి వచ్చింది. కేసు పెట్టినవాళ్లని తను కలవకూడదట, ఎవరైనా చూస్తే పార్లర్‌కి వచ్చానని చెప్పుకుంటుందట. ఒక కనుబొమ మాత్రమే అయింది.

మంచినీళ్లు ఇచ్చాను. ఎలమంచిలి పక్క ఊరు. నాన్న కౌలు రైతు. మూడుసార్లు పరుగు పరీక్ష తప్పి నాలుగోసారి ఉద్యోగం తెచ్చుకుందట. ఇవన్నీ నేనే అడిగాను. తను చెప్పడానికి వచ్చింది వేరే.

మొదటి రోజే తెలుసట. స్టేషన్‌లో సీఐకి చెప్పిందట, అది గోళ్లతో గీరింది కాదు సార్, వాక్స్ పట్టీ అని. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలి, ఆడ లీడర్ గురించి అలాంటి మాటలు రికార్డులో రాస్తే రేపు మన మీద ఇంకో కేసు పెడతారు, నోరు మూసుకో అన్నాడట. వాళ్ల రాతకోతల్లో గాయానికి లాఠీ ఉంది, గోరు ఉంది, పళ్లు కూడా ఉన్నాయి. ఇది లేదు.

"నా గోళ్లు కొలిసారు మేడమ్," అంది. రెండు చేతులూ నా ముందు చాపింది. "నాకు గోళ్లే ఉండవు. కొరుక్కుంటాను. సూడండి."

చూశాను.

అప్పుడు నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయాలి, ఎందుకంటే ఇక్కడ అబద్ధం చెప్పుకుంటే ఇంక రాయడం దండగ. రాజ్యం గురించి మాట్లాడాను. యూనిఫాం వేసుకున్నాక మనిషి మనిషిగా ఉండదన్నాను. మా పోరాటం వ్యవస్థ మీద, నీ మీద వ్యక్తిగతంగా కాదన్నాను. అది మంచి ఉపన్యాసం. ఇంతకుముందు రెండు సభల్లో చప్పట్లు వచ్చాయి.

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఉద్యోగం వ్యక్తిగతంగానే పోతాది మేడమ్."

మెట్లు దిగి రెండో కనుబొమ చేయించుకుని వెళ్లిపోయింది. ఫర్హా డబ్బు తీసుకోలేదట.

ఏప్రిల్ 20

ఏమీ రాయలేదు. కాలమ్ కూడా పంపలేదు. ఎడిటర్‌కి చెయ్యి నొప్పి అని చెప్పాను. నేను కుడి చేత్తో రాస్తాను.

ఏప్రిల్ 21

శ్రీరామ్మూర్తికి చెప్పాను.

ఆయన చాలాసేపు టవల్‌తో మెడ తుడుచుకున్నాడు. ఆయనకి వాక్సింగ్ అంటే తెలియదు. చెప్పాల్సి వచ్చింది. నలభై ఏళ్ల పోరాట జీవితంలో ఒక కామ్రేడ్‌కి ఇంత వివరంగా నేను మరేదీ చెప్పలేదు. సగంలో చెయ్యి అడ్డం పెట్టి, చాలమ్మా చాలు అన్నాడు. అన్నం తింటున్నప్పుడు ఎవరైనా ఆపరేషన్ సంగతి చెబితే పెట్టే ముఖం పెట్టాడు.

తర్వాత రాజకీయంగా మాట్లాడాడు. ఎంక్వైరీలో ఏమీ అనొద్దు, గుర్తు లేదని చెప్పు చాలు. గుర్తు లేకపోవడం అబద్ధం కాదు. కంచె ఆగింది, రెండొందల కుటుంబాలు. ఒక కానిస్టేబుల్. లెక్క నువ్వే వెయ్యి.

లెక్క వేస్తే ఆయనే కరెక్టు. నాకు లెక్కలో ఓడిపోవడం ఇష్టం ఉండదు. కానీ ఈ లెక్కలో ఆ పిల్లని ఒకటి అని రాసినవాడు నన్నసలు ఎక్కడా రాయలేదు. నేను మూల కూర్చుని పెన్సిల్ పట్టుకున్నదాన్ని. నా సిగ్గుకి విలువ కట్టకుండా వేసిన లెక్క ఎలా తేలుతుంది?

నాలుగో కారణం ఉంది. 16వ తారీఖు పేజీలో లేదని రాశాను.

ఏప్రిల్ 23

ఎంక్వైరీ అయింది. మంచి ఫ్యాను, మంచి కుర్చీలు. విచారణాధికారి ఏసీపీ సాయిశంకర్, మర్యాదస్తుడు. పక్కన కంప్యూటర్ ముందు టైపు చేసే రైటర్. బాధితురాలికి తోడుగా శ్రీరామ్మూర్తి. గుమ్మం దగ్గర నిలబడి దేవిశ్రీ, యూనిఫాం లేకుండా.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆమె నన్ను గాయపరచలేదు, గాయం ముందురోజుది, నేను చేయించుకున్న వాక్సింగ్ వల్ల అయింది అన్నాను. ఒక్క వాక్యంలో చెప్పాను. నా వాక్యాలు ఇంత చిన్నవి ఉండవు.

రైటర్ టైపు ఆపాడు. శ్రీరామ్మూర్తి దగ్గాడు. ఏసీపీ టేబుల్ మీది పెన్ను సర్ది, అమ్మా, మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా అన్నారు. లేదన్నాను. శ్రీరామ్మూర్తి వెంటనే, అదిగో సార్, అలాగే అంటారు, ఒత్తిడి ఉన్నవాళ్లందరూ లేదనే అంటారు అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ మాట మేమిద్దరం కలిసి అన్నదే.

ఏసీపీ మంచి మనసుతో దారి చూపించారు. పోనీ "తోపులాటలో ప్రమాదవశాత్తు" అని రాద్దాం, మీ పరువూ ఉంటుంది, డిపార్ట్‌మెంట్ పరువూ ఉంటుంది అన్నారు. ఆ అమ్మాయికి ఏమవుతుంది అని అడిగాను. పెద్దగా ఏం కాదు, అజాగ్రత్త కింద ప్రొబేషన్ పొడిగిస్తాం, జీతం పెంపు ఆగుతుంది, అంతే అన్నారు. దేవిశ్రీ గుమ్మం చెక్క వైపు చూస్తోంది.

వద్దన్నాను. జరిగింది రాయండి అన్నాను.

సరే అని రైటర్‌తో, "వ్యక్తిగత సౌందర్య చికిత్స వలన" అని రాయించబోయారు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఈ నెలలో మొదటిసారి సరైన చోట వచ్చింది. చికిత్స ఏమిటి, జబ్బు ఉంటేనే చికిత్స అన్నాను. ఈ పిల్ల మొదటి రోజే అసలు మాట చెబితే మీ సీఐ గారికి ఆ మాట రాయడానికి సిగ్గేసింది, మీ సిగ్గుకి ఒక మనిషి ఉద్యోగం పోబోయింది, నా సిగ్గుకి రెండోసారి పోబోయింది, ఇంక ఎవరి మర్యాద కోసం ఈ కాయితం రాస్తున్నాం అన్నాను.

"వాక్సింగ్ అని రాయండి."

ఏసీపీ రైటర్ వంక చూశారు. రైటర్, స్పెల్లింగు సార్ అన్నాడు. తెలుగులో రాయమన్నాను. తెలుగులో ఏమంటారు మేడమ్ అన్నాడు.

"వెంట్రుకలు పీకించుకోవడం. నా ఇష్టంతో, నా డబ్బుతో."

డబ్బు ఇవ్వలేదు. ఫర్హా తీసుకోదు. ఇది తర్వాత దిద్దించలేదు.

అయిపోయిందనుకున్నాను. ఏసీపీ ఉత్సాహం తెచ్చుకుని ముందుకి వంగారు. అయితే ఆ పార్లర్ పేరు చెప్పండి, చర్మం ఊడొచ్చేలా చేశారంటే నిర్లక్ష్యమే కదా, నోటీసు ఇప్పిస్తాను అన్నారు. ఆయనకి ఎవరో ఒకరు దొరకాలి. గది చల్లగా ఉంది. పైట చేతి కట్టు మీదికి లాక్కున్నాను.

వాక్సింగ్ అనే మాట నేను ఎందుకు అంత సులువుగా అరవగలిగానో అప్పుడు అర్థమైంది. దాని వెనక ఇంకోటి దాక్కుని ఉంది. వాక్సింగ్ గురించి పోట్లాడొచ్చు, అది ఆడవాళ్ల హక్కు అని తిప్పొచ్చు, రేపు కాలమ్ కూడా రాయొచ్చు. ఇంకోదాన్ని తిప్పలేను.

"పార్లర్ తప్పు లేదు. క్రీములు వాడుతున్నావా అని ఆ అమ్మాయి అడిగింది. ఎండలోంచి వచ్చావు, ఇవాళ వద్దని కూడా చెప్పింది. నేను అబద్ధమాడాను. క్రీము రాస్తున్నాను, చాలాకాలంగా, ముఖానికి. ఎండలో నల్లబడ్డాక చేతులకి కూడా. దానివల్ల చర్మం పలచబడింది."

ఏం క్రీము అన్నారు.

"తెల్లబడటానికి."

రైటర్ తల ఎత్తకుండా కొట్టుకుంటూ పోయాడు. శ్రీరామ్మూర్తి లేచి, నేను టీ తాగొస్తాను అని బయటికి వెళ్లాడు. ఆయన దగ్గర నా పుస్తకం రెండు కాపీలు ఉన్నాయి, ముందుమాట కూడా ఆయనదే.

సంతకం పెట్టాను. గుమ్మం దాటుతుంటే దేవిశ్రీ పక్కకి జరిగింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్ల ఉద్యోగం ఆ పిల్లది.

ఏప్రిల్ 25

పేపర్లో వచ్చింది. లోపలి పేజీ, కానీ బాక్సు కట్టి. "ఫెయిర్‌నెస్ వ్యతిరేక రచయిత్రి చేతికి ఫెయిర్‌నెస్ క్రీము గాయం." శీర్షిక బాగా పెట్టాడు. ఒక్క అక్షరం తీసేయడానికి లేదు.

ఎడిటర్ ఫోన్ చేసి కాలమ్‌కి కొంత విరామం ఇద్దామన్నాడు. కమిటీ నుంచి నా పేరు తీసేశారు. షబానా అన్నంలోకి బంగాళాదుంప వేపుడు చేసింది, నాకు ఇష్టమని. ఫర్హా ట్యూబు అడిగి తీసుకుని, వెనక ఉన్న సన్న అక్షరాలు చదివి, ఇందులో స్టెరాయిడ్ ఉంది ఖాలా, దద్దుర్ల మందట, అని చెత్తబుట్టలో వేసింది. పార్లర్ అద్దం మీది కాయితానికి కింద పెన్నుతో ఇలా చేర్చింది. "క్రీములు వాడేవారు, ఎండలోంచి వచ్చేవారు ముందే చెప్పవలెను. నిజం."

ఏప్రిల్ 26

శిబిరానికి వెళ్లాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచించి, వెళ్లాను. కమిటీలో లేను కానీ ఫుట్‌పాత్ కమిటీది కాదు.

ఫ్లెక్సీ దించేశారు. పారేయలేదు. అసిరమ్మ వాళ్లు దాన్ని నాలుగు కర్రలకి కట్టి నీడ చేసుకున్నారు. మంచి ఫ్లెక్సీ, పాడు సేసుకుంతామేటి అంది. బొమ్మ వైపు కిందికి ఉంది. నా చేతి కిందే అందరం కూర్చున్నాం.

కట్టు విప్పి చూపించమన్నారు. విప్పాను. పొక్కులు మాని మూడు పట్టీలూ చుట్టూ ఉన్న రంగుకన్నా నల్లగా తేలాయి. ఆడవాళ్లు చెయ్యి తిప్పి తిప్పి చూశారు. ఉన్న రంగు పోయి లేని రంగు వచ్చింది అని ఒకామె అంటే పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్లుంటుంది అని ఫర్హాని అడిగితే నెలలు పట్టొచ్చు, ఎండలో తిరక్కు అంది. ఎండలో తిరక్కు అనే సలహా మీద నాకు చాలా అభ్యంతరాలు ఉన్నాయి. రాయడానికి కాలమ్ లేదు.

కంచె పని సోమవారం నుంచి మొదలవుతుందట. నా వల్ల. ఒక ముసలావిడ నేను కూర్చున్న చోటికి కొంచెం ఎడంగా జరిగి కూర్చుంది. ఆమెకి ఆ హక్కు ఉంది.

ఏప్రిల్ 28

స్తంభాలు వచ్చాయి. అడ్డంగా కూర్చున్నాం. మొన్నటికన్నా తక్కువమందిమి. ఫొటోలు తీసేవాళ్లు కూడా లేరు.

పోలీసులు వచ్చారు. ఆడ పోలీసుల్లో దేవిశ్రీ ఉంది, యూనిఫాంలో. అసిరమ్మని ఇద్దరు పట్టుకుని లేపారు. ఆవిడ బరువు మొత్తం కిందికి వదిలేస్తుంది, అది ఆవిడ పద్ధతి. వరసలో తర్వాత నేను. దేవిశ్రీ వచ్చి నా ముందు నిలబడింది. గోళ్లు ఇంకా కొరుక్కుంటూనే ఉంది.

నేను లేవలేదు. లేవకూడదు, కూర్చున్నది అందుకే.

ఆమె వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఏ సెయ్యి పట్టుకోమంతారు మేడమ్?"

కుడి చెయ్యి ఇచ్చాను. పట్టుకుని, గట్టిగానే లాగి, వ్యాన్ ఎక్కించింది.